రోజువారీ ప్రయాణపు రోడ్డు సైకిల్‌కు తేలిక గేర్లు: 53/39, 12-25 ఉన్నచోట ముందుగా ఏ భాగం మార్చాలి?

మిట్టదారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఆఫీసుకు వెళ్లిరావడానికి నేను ఒక పాత రోడ్డు సైకిల్ వాడుతున్నాను. అది షిమానో కంపెనీ భాగాలున్న 9 స్పీడు బండి, అంటే వెనక తొమ్మిది పళ్లచక్రాలు. ముందు చైన్‌రింగ్‌లు (పెడల్ దగ్గరి పళ్లచక్రాలు) 53/39 పళ్లవి, వెనక క్యాసెట్ (వెనక పళ్లచక్రాల వరుస) 12-25, వెనక డిరెయిలర్ (చైనును ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి జరిపే భాగం) పొట్టి కేజ్ (చైను వదులును లాగి పట్టే చట్రం) ఉన్నది, టైర్లు 700×28. ఒకవైపు ప్రయాణం 14 కిలోమీటర్లు. అందులో చివరి ఒకటిన్నర కిలోమీటరు సుమారు 8 శాతం వాలుతో ఎత్తు ఎక్కుతుంది. నా బరువు 75 కిలోలు, సైకిల్ 12 కిలోలు, క్యారియర్ మీద సంచి 8 కిలోలు ఉంటుంది.

ఆ మిట్ట మీద 39/25లో (ముందు 39, వెనక 25 పళ్లు) గంటకు 8 కిలోమీటర్లకు మించి వెళ్లలేకపోతున్నాను. పెడల్ ఒక్కో చుట్టూ విడివిడిగా నెట్టి తిప్పుతున్నట్లు ఉంటుంది, రెండు నెలలుగా మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది. పందేలలో పాల్గొనే ఉద్దేశం నాకు లేదు. చదునైన దారిలో గంటకు 25 కిలోమీటర్లు నాకు చాలు. క్యాసెట్ ఒక్కటే మార్చితే సరిపోతుందా, ముందు క్రాంక్ (పెడల్ చేతులు, చైన్‌రింగ్‌లు ఉండే భాగం) మార్చాలా, లేక మూడు చైన్‌రింగ్‌ల క్రాంక్‌కు వెళ్లాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఒకసారి ఒక భాగం కొని, అది మరో భాగంతో కుదరక పక్కన పెట్టాల్సి రాకూడదని అడుగుతున్నాను.

లెక్కలపుస్తకం

మిట్టదారి గారూ, భాగాల సంగతికి ముందు మీ మిట్టను అంకెల్లో చూద్దాం. 700×28 టైరు చుట్టుకొలత సుమారు 2.136 మీటర్లు. ముందు పళ్ల సంఖ్యను వెనక పళ్ల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని ఈ చుట్టుకొలతతో గుణిస్తే, పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడు సైకిల్ ఎంత ముందుకు పోతుందో వస్తుంది. 39/25 అంటే 1.56, అంటే చుట్టుకు 3.33 మీటర్లు. గంటకు 8 కిలోమీటర్లంటే నిమిషానికి 133 మీటర్లు. కాబట్టి మీరు నిమిషానికి 40 చుట్లు మాత్రమే తిప్పుతున్నారు.

మొత్తం 95 కిలోల బరువును 8 శాతం వాలు మీద ఆ వేగంతో ఎక్కించడానికి, టైర్ల రాపిడిని కూడా కలుపుకుంటే, దాదాపు 178 వాట్లు కావాలి. ఈ శక్తి గేరు మారినంత మాత్రాన మారదు. మారేది, ఆ శక్తిని కాలు ఎన్ని తొక్కుళ్లలో పంచుకుంటుందన్నదే. 170 మిల్లీమీటర్ల క్రాంక్‌తో 40 చుట్ల దగ్గర పెడల్ మీద సగటు నెట్టుడు సుమారు 250 న్యూటన్లు, అంటే పాతిక కిలోల బరువంత. ఇది చుట్టు మొత్తానికి సగటు. పెడల్ ముందుకు వచ్చి కిందికి దిగే క్షణంలో మోకాలు మోసేది ఇంతకు రెట్టింపు దాకా ఉంటుంది.

అదే 8 కిలోమీటర్ల వేగానికి వేర్వేరు గేర్లలో లెక్క ఇలా ఉంటుంది. 39/27లో 43 చుట్లు, 34/27లో 50 చుట్లు, 39/34లో 54 చుట్లు, 34/34లో 62 చుట్లు, 30/34లో 71 చుట్లు. 62 చుట్ల దగ్గర సగటు నెట్టుడు 161 న్యూటన్లకు, అంటే సుమారు 16 కిలోలకు దిగుతుంది. నా దృష్టిలో రోజూ ఎక్కే మిట్ట మీద 60 చుట్లకు తగ్గకుండా తిరిగే గేరు ఉండాలి. ఇప్పటి గేరులోనే 60 చుట్లు తిప్పాలంటే మీరు గంటకు 12 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలి, దానికి 267 వాట్లు కావాలి. ఆఫీసుకు వెళ్లే మనిషి రోజూ ఉదయం పెట్టవలసిన శ్రమ కాదది.

ఎదురుగాలి

నేను కొంత భిన్నంగా ఆలోచిస్తాను. 39/25తోనే ఇంతకన్నా నిటారు మిట్టలు ఎక్కేవాళ్లను చాలామందిని చూశాను, నేనూ అలాగే మొదలుపెట్టాను. మొదటి మూడు నెలలు కష్టంగా ఉంటుంది, ఆ తరువాత కాలు అలవాటు పడుతుంది. 12-27 క్యాసెట్ వేసుకొని, మిట్ట మధ్యలో సీటు మీంచి లేచి నిలబడి తొక్కడం సాధన చేస్తే సరిపోతుందని నా అభిప్రాయం. గేరు తేలికైన కొద్దీ వేగం కూడా తగ్గుతూ పోతుంది, మిట్ట మీద గడిపే సమయం పెరుగుతుంది. భాగాలు మార్చడానికి ముందు కాళ్లకు అవకాశం ఇవ్వాలి.

నిదానం

ఎదురుగాలి గారు చెప్పినది వారానికి రెండు రోజులు సరదాగా, ఖాళీ సైకిల్ మీద తిరిగేవారికి వర్తిస్తుంది. ఆఫీసు ప్రయాణంలో విశ్రాంతి రోజును మనం ఎంచుకోలేము. నిద్ర చాలని రోజైనా, ఎదురుగాలి వీచిన రోజైనా అదే మిట్ట, అదే సంచి. క్యారియర్ మీద 8 కిలోలు ఉన్నప్పుడు నిలబడి తొక్కితే సైకిల్ వెనకభాగం అటూ ఇటూ ఊగి, ముందుచక్రం దారి తప్పుతుంది. పక్కనే వాహనాలు వెళ్లే రోడ్డు మీద అది మంచిది కాదు. నేను నాలుగేళ్లు బరువు గేరుతోనే ఇలాంటి ప్రయాణం చేశాను. నొప్పి మొదలైన తరువాత కూడా అలవాటవుతుందనుకుంటూ తొక్కి, చివరికి ఐదు నెలలు సైకిల్ ఎక్కలేకపోయాను. అందుకే ఈ విషయంలో గట్టిగా చెబుతున్నాను: నొప్పి వచ్చాక ఓర్పు పరీక్షించుకోకండి.

తేలిక గేరు బలహీనులకన్న భావన చాలా పాతది. టూర్ డి ఫ్రాన్స్ పందెంలోనే 1937 దాకా డిరెయిలర్లు వాడనివ్వలేదు. అంతకు ముందు పోటీదారులు మిట్ట మొదట్లో దిగి, వెనకచక్రాన్ని విప్పి, రెండోవైపున్న పళ్లచక్రం పనిచేసేలా తిప్పి బిగించుకునేవారు. ఆ కాలంలో కూడా దూరప్రయాణాలు చేసే సాధారణ సైకిలిస్టులు గేర్లు వాడుతూనే ఉన్నారు.

ఒక్క మాట మాత్రం కొనుగోలుకు ముందే చూసుకోండి. సీటు ఎత్తు తక్కువగా ఉంటే మోకాలు ఎక్కువగా ముడుచుకొని చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దానిపై మడమ పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి. అంతకన్నా ముడుచుకొని ఉంటే సీటును కొద్దికొద్దిగా, ఒక్కోసారి ఐదు మిల్లీమీటర్ల చొప్పున పెంచండి. గేరు మార్చినా నొప్పి తగ్గకపోతే వైద్యునికి చూపించుకోవడం తప్పనిసరి.

పాతచైను

సైకిళ్ల మరమ్మతు నా వృత్తి కాబట్టి భాగాల సంగతి చెబుతాను. ఇక్కడ మిమ్మల్ని అడ్డుకునే హద్దులు మూడు.

మొదటిది క్రాంక్‌ది. 53/39 షిమానో క్రాంక్‌లో చైన్‌రింగ్ బోల్టులు 130 మిల్లీమీటర్ల వృత్తం మీద ఉంటాయి. దీనినే బీసీడీ అంటాం. ఆ వృత్తం మీద పట్టే అతి చిన్న చైన్‌రింగ్ 38 పళ్లది. 39 తీసి 38 వేస్తే వచ్చే తేడా కాలికి తెలియదు. 34 కావాలంటే 110 మిల్లీమీటర్ల బీసీడీ ఉన్న కాంపాక్ట్ క్రాంక్ (50/34) తప్పదు. మీ క్రాంక్ ఏదో ఖాయం చేసుకోవడానికి, పక్కపక్కనున్న రెండు బోల్టుల నడుమ దూరాన్ని కేంద్రం నుంచి కేంద్రానికి కొలవండి. ఐదు చేతుల క్రాంక్‌లో అది సుమారు 76.4 మిల్లీమీటర్లు వస్తే 130 బీసీడీ, 64.7 వస్తే 110 బీసీడీ.

రెండోది వెనక డిరెయిలర్ భరించే అతిపెద్ద పళ్లచక్రం. ఆ కాలపు 9 స్పీడు పొట్టి కేజ్ రోడ్డు డిరెయిలర్లకు షిమానో పెట్టిన హద్దు 27 పళ్లు. మూడోదాన్ని చాలామంది మరచిపోతారు: డిరెయిలర్ చైను వదులును ఎంతవరకు లాగి ఉంచగలదన్నది. ముందు రెండు చైన్‌రింగ్‌ల పళ్ల తేడాకు, వెనక అతిపెద్ద, అతిచిన్న పళ్లచక్రాల తేడాను కలిపితే మీ బండికి ఎంత సామర్థ్యం అవసరమో వస్తుంది. పొట్టి కేజ్‌కు ఇది 29. ఇప్పుడు మీకు 14, 13 కలిపి 27 అవుతుంది. 12-27 వేస్తే 14, 15 కలిపి సరిగ్గా 29. అది పడుతుంది, కానీ లెక్కలపుస్తకం గారు చూపినట్లు 40 చుట్లు 43 అవుతాయి, అంతే. కాంపాక్ట్ క్రాంక్‌తో 12-27 వేస్తే 16, 15 కలిపి 31 అవుతుంది. అంటే హద్దుకు రెండు పళ్లు ఎక్కువ. చిన్న చైన్‌రింగ్, చిన్న పళ్లచక్రం కలిసినప్పుడు చైను వేలాడుతుంది.

అందువల్ల నా సలహా డిరెయిలర్‌తో మొదలుపెట్టమని. 9 స్పీడు మౌంటెన్ సైకిల్‌కు వాడే షిమానో పొడవు కేజ్ డిరెయిలర్ తీసుకోండి. అది 34 పళ్ల దాకా ఎక్కుతుంది, దాని సామర్థ్యం 40కి పైనే ఉంటుంది. దానితో 11-34 క్యాసెట్, కొత్త చైను వేస్తే మీ అవసరం 14, 23 కలిపి 37 అవుతుంది. ఆ తరువాత ఎప్పుడైనా కాంపాక్ట్ క్రాంక్ వేయాలనిపించినా 16, 23 కలిపి 39. అప్పుడూ అదే డిరెయిలర్ సరిపోతుంది. ఈ వరుసలో వెళితే ఏ భాగమూ వృథా కాదు. క్రాంక్‌తో మొదలుపెడితే డిరెయిలర్ మళ్లీ అడ్డువస్తుంది.

మిట్టదారి

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ఈ ఉదయం కొలిచి చూశాను. 76 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ వచ్చింది కాబట్టి నాది 130 బీసీడీయే. సీటు కూడా ఒక సెంటీమీటరు దాకా తక్కువగా ఉన్నట్లు తేలింది, దానిని పెంచడం మొదలుపెట్టాను.

ఒక సందేహం మిగిలింది. నా బ్రేకు లీవర్లలోనే గేరు మీటలు ఉన్నాయి, అవి రోడ్డు సైకిల్‌వి. మౌంటెన్ సైకిల్ డిరెయిలర్‌ను అవి సరిగ్గా కదిలించగలవా? రెండూ కలవవని కొన్నిచోట్ల చదివాను.

పాతచైను

కలవవన్నది నిజమే, కానీ అన్ని తరాలకూ కాదు. మీట ఒకసారి నొక్కితే కేబుల్ కొంత దూరం లాగబడుతుంది. ఆ లాగుడును డిరెయిలర్ కొన్ని రెట్లు చేసి పక్కకు జరుగుతుంది. షిమానో 9 స్పీడు మీట సుమారు 2.5 మిల్లీమీటర్లు లాగుతుంది. డిరెయిలర్ దానిని 1.7 రెట్లు చేస్తుంది. పళ్లచక్రాల నడుమ ఎడం 4.35 మిల్లీమీటర్లు కాబట్టి లెక్క సరిపోతుంది. ఈ 1.7 అన్నది షిమానో 8, 9 స్పీడు రోడ్డు డిరెయిలర్లకూ, 9 స్పీడు దాకా వచ్చిన మౌంటెన్ డిరెయిలర్లకూ ఒకటే. మొదటి తరం 10 స్పీడు రోడ్డు డిరెయిలర్లకూ అదే.

తేడా వచ్చింది మౌంటెన్ సైకిళ్లలో 10 స్పీడుతో. ఆ డిరెయిలర్లు కేబుల్ లాగుడును సుమారు 1.2 రెట్లు మాత్రమే చేస్తాయి, మీ మీటలతో అవి పనిచేయవు. అలాగే షిమానో రోడ్డు భాగాల వరుస టియాగ్రా 4700 పేరుకు 10 స్పీడే అయినా దాని లెక్క 11 స్పీడు రోడ్డు భాగాలది. ఎవరైనా ఆ బండికి ఈ దారి పట్టబోతే ఆగాలి. దానికి ఆ వరుసలోనే 34 పళ్ల దాకా వెళ్లే పొడవు కేజ్ డిరెయిలర్ ఉంది.

పాత సరుకులో వెతికేటప్పుడు ఇంకొకటి గమనించండి. కొన్ని 9 స్పీడు మౌంటెన్ డిరెయిలర్లలో స్ప్రింగు తిరగేసి ఉంటుంది. కేబుల్ వదులైనప్పుడు అవి చిన్న పళ్లచక్రానికి బదులు పెద్దదానికి వెళతాయి. అవి కూడా పనిచేస్తాయి, కానీ మీట నొక్కుడు తలకిందులవుతుంది. రోజూ ట్రాఫిక్‌లో తొక్కేవారికి అది వద్దు. చేతిలోకి తీసుకొని చూస్తే తెలుస్తుంది: కేబుల్ లేనప్పుడు కేజ్ చక్రానికి దూరంగా, బయటివైపు నిలబడాలి.

రెండుచక్రాలు

డిరెయిలర్ మార్చకుండానే నేను 27 హద్దున్న పొట్టి కేజ్ మీద 30 పళ్ల క్యాసెట్ వేసి రెండేళ్లుగా తిరుగుతున్నాను. బీ స్క్రూ (డిరెయిలర్‌ను పళ్లచక్రానికి దూరం జరిపే స్క్రూ) పూర్తిగా లోపలికి బిగిస్తే పై కప్పీ (డిరెయిలర్‌లో చైను తిరిగే చిన్న చక్రం) పళ్లచక్రానికి తగలకుండా నిలిచింది. హ్యాంగర్ పొడిగించే చిన్న ముక్క కూడా దొరుకుతుంది. వుల్ఫ్ టూత్ వారి రోడ్‌లింక్ అలాంటిదే. మిట్టదారి గారు అంత మార్పు చేయవలసిన అవసరం ఉందా?

పాతచైను

మీ బండికి కుదిరినందుకు సంతోషం, అయితే దానిని అందరికీ సూత్రంగా చెప్పలేము. ఫ్రేముకు డిరెయిలర్ వేలాడే హ్యాంగర్ పొడవు బండి బండికీ రెండు మూడు మిల్లీమీటర్లు మారుతుంది. కంపెనీ చెప్పిన హద్దు అతి పొట్టి హ్యాంగర్‌ను కూడా దృష్టిలో పెట్టుకొని చెప్పినది కాబట్టి చాలా బండ్ల మీద ఒకటి రెండు పళ్లు ఎక్కువ పడతాయి. పొడిగింపు ముక్క ఈ ఒక్క ఇబ్బందినే తీరుస్తుంది. కేజ్ పొడవును అది పెంచదు, కాబట్టి చైను వదులును లాగే సామర్థ్యం పాతదే. పొట్టి కేజ్‌తో 34 వేస్తే అవసరం 37, ఉన్నది 29. ఆ ఎనిమిది పళ్ల తేడాను ఏదో ఒక వైపు భరించాలి.

ఏ వైపు అన్నదే ప్రాణం లాంటి విషయం. చిన్న చైన్‌రింగ్, చిన్న పళ్లచక్రం మీద చైను వేలాడితే చప్పుడు తప్ప ప్రమాదం లేదు. ఆ వేలాడుడు చూడలేక చైనును కురచ చేసి, ఏదో ధ్యాసలో పెద్ద చైన్‌రింగ్ మీదుండగానే వెనక పెద్ద పళ్లచక్రానికి మార్చితే, చైను చాలక బిగుసుకుపోతుంది. అప్పుడు హ్యాంగర్ వంగుతుంది, డిరెయిలర్ చువ్వల్లోకి వెళుతుంది, వెనకచక్రం ఉన్నచోటే ఆగిపోతుంది. ఇలా విరిగిన బండ్లు నా దగ్గరికి చాలానే వచ్చాయి. ఆ గేరు వాడనని అందరూ అంటారు. అలసిపోయిన సాయంత్రం చేతికి ఆ సంగతి గుర్తుండదు.

లెక్కలపుస్తకం

11-34 వల్ల పోయేదేమిటో కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఈ చర్చ ఒకవైపే చూసినట్లవుతుంది. 12-25 క్యాసెట్‌లో పళ్లు 12, 13, 14, 15, 17, 19, 21, 23, 25. 11-34లో 11, 13, 15, 17, 20, 23, 26, 30, 34. మొదటిదానిలో చిన్న పళ్లచక్రాల నడుమ అడుగులు 7, 8 శాతమే. రెండోదానిలో దాదాపు ప్రతి అడుగూ 13 నుంచి 18 శాతం దాకా ఉంటుంది. చదునైన దారిలో 20 పళ్ల మీద 85 చుట్లు తిప్పుతూ ఒక గేరు బరువుకు, అంటే 17కు మార్చితే, అదే వేగంలో 72 చుట్లకు పడిపోతారు. గుంపుగా, ఒకే వేగంతో గంటల తరబడి తొక్కేవారికి ఇది చికాకు. కూడళ్ల దగ్గర ఆగుతూ, బయలుదేరుతూ సాగే ప్రయాణంలో నాకైతే పెద్ద అడుగులే నయమనిపించాయి. ఎర్రదీపం దగ్గర రెండుసార్లు నొక్కితే సరిపోతుంది, నాలుగుసార్లు అవసరం లేదు.

మీరు చెప్పిన గంటకు 25 కిలోమీటర్లకు 53/23లోనూ, 39/17లోనూ దాదాపు 85 చుట్లే వస్తాయి. అంటే ఇప్పటి క్రాంక్‌తో చదును మీద ఏ చైన్‌రింగ్‌లో ఉన్నా మీకు హాయిగా ఉండే గేరు దొరుకుతుంది.

పైవైపు నష్టమేమీ లేదు. ఇప్పటి 53/12లో 90 చుట్ల దగ్గర గంటకు 50.9 కిలోమీటర్లు వస్తాయి. రేపు కాంపాక్ట్ వేసినా 50/11లో అవే 90 చుట్లకు 52.4 కిలోమీటర్లు వస్తాయి. పెద్ద చైన్‌రింగ్ చిన్నదైతే వేగం పోతుందన్న భయం ఈ జతకు వర్తించదు.

నిదానం

మూడు చైన్‌రింగ్‌ల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. దానికి క్రాంక్, ముందు డిరెయిలర్, పొడవు ఇరుసున్న బాటమ్ బ్రాకెట్ (ఫ్రేములో క్రాంక్ తిరిగే బేరింగ్‌ల భాగం), మూడు మెట్లున్న ఎడమ మీట, పొడవు కేజ్ వెనక డిరెయిలర్, ఇవన్నీ కావాలి. ముందే మూడు చైన్‌రింగ్‌లతో వచ్చిన బండిని అలాగే ఉంచుకోవడం మంచిదే గానీ, రెండింటి బండిని మూడింటికి మార్చడం శ్రమకు తగిన ఫలితం ఇవ్వదు. 46/30 క్రాంక్‌లు ఇంకా తేలిక. వాటితో 30/34 వస్తుంది. అయితే 95 కిలోల మొత్తానికి, 8 శాతం వాలుకు 34/34 దగ్గర ఆగవచ్చని నా అంచనా. 12 శాతం మిట్టలున్నవారు, పిల్లల సీటు కట్టుకునేవారు నేరుగా 46/30 వైపు చూడాలి.

ఎదురుగాలి

నిదానం గారి అనుభవం, పాతచైను గారి లెక్క చదివాక నా మాటను సవరించుకుంటున్నాను. నేను ఎప్పుడూ సంచి లేకుండా, ఇష్టమైన రోజునే మిట్ట ఎక్కాను. 267 వాట్ల అంకె చూసేదాకా నేను అడుగుతున్నది ఎంతో నాకే తెలియలేదు. మిట్టదారి గారూ, డిరెయిలర్ మార్చండి. ఒక్క అభ్యర్థన: కొత్త గేరు వచ్చాక మిట్ట మొదట్లోనే అతి తేలిక గేరుకు దిగకండి. ఒకటి మిగుల్చుకొని ఎక్కడం మొదలుపెడితే, కాళ్లు అలసిన చోట అది ఆదుకుంటుంది.

మిట్టదారి (మూడు వారాల తరువాత)

పొడవు కేజ్ 9 స్పీడు డిరెయిలర్, 11-34 క్యాసెట్, కొత్త చైను వేయించకుండా నేనే వేసుకున్నాను. పాత చైను పొడవునే కొత్తదానికి కొలతగా తీసుకోబోయి, పాతచైను గారి హెచ్చరిక గుర్తొచ్చి ఆగాను. చైనును డిరెయిలర్ గుండా పోనివ్వకుండా ముందు 53, వెనక 34 చుట్టూ తిప్పి, కలిసిన చోటు నుంచి రెండు లింకులు అదనంగా వదిలాను. మొత్తం 112 లింకులు వచ్చాయి. పాత చైనుకన్నా అది నాలుగు లింకులు పొడవు. పాత కొలత ప్రకారం తెంచి ఉంటే ఆ పెద్ద-పెద్ద గేరులో ఏమయ్యేదో ఇప్పుడు అర్థమవుతోంది.

మొదట 34 మీదికి ఎక్కినప్పుడు గరగరమని శబ్దం వచ్చింది. పై కప్పీ పళ్లచక్రాన్ని ఒరుసుకుంటోంది. బీ స్క్రూను రెండు చుట్లు బిగించాక, నడుమ ఐదారు మిల్లీమీటర్ల సందు వచ్చి శబ్దం పోయింది.

మిట్ట మీద ఇప్పుడు 39/34లో 53, 54 చుట్లు లెక్కపెట్టాను. తేడా బాగా తెలుస్తోంది, నొప్పి తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఎదురుగాలి వీచిన రోజున మళ్లీ పాత నెట్టుడే వస్తోంది. కాంపాక్ట్ క్రాంక్ కూడా వేయాలనే నిర్ణయానికి వచ్చాను. బాటమ్ బ్రాకెట్ గొట్టం వెడల్పు 68 మిల్లీమీటర్లు ఉంది. చూసుకోవలసినవి చెప్పగలరా?

పాతచైను

68 వెడల్పు ఉంటే చాలావరకు ఇంగ్లీషు మర అయి ఉంటుంది. అందులో చైనువైపు కప్పు (బేరింగ్ గిన్నె) మర ఎడమది. అంటే సవ్యదిశలో తిప్పితే ఊడుతుంది. ఈ ఒక్కటి తెలియక ఎక్కువ బలంతో బిగించి మర పాడుచేసుకున్నవారున్నారు. 70 వెడల్పు ఉంటే ఇటాలియన్ మర కావచ్చు, అప్పుడు రెండు వైపులా మామూలు మరే. బయటి బేరింగ్‌ల బాటమ్ బ్రాకెట్‌ను, దానికి తగిన కాంపాక్ట్ క్రాంక్‌ను జతగా తీసుకోండి. 10 స్పీడు కాలపు క్రాంక్ అయినా ఫరవాలేదు. చైన్‌రింగ్‌ల మధ్య ఎడం కొద్దిగా తక్కువగా ఉంటుంది గానీ 9 స్పీడు చైను నడుస్తుంది.

ముందు డిరెయిలర్‌ను కిందికి దించడం మరువకండి. చైన్‌రింగ్‌కు ఒక పన్ను తగ్గితే దాని వ్యాసార్ధం సుమారు 2 మిల్లీమీటర్లు తగ్గుతుంది. 53 నుంచి 50కి వస్తున్నారు కాబట్టి 6 మిల్లీమీటర్లు దించాలి. బయటి కేజ్ అంచుకు, పెద్ద చైన్‌రింగ్ పళ్లకు నడుమ 1 నుంచి 3 మిల్లీమీటర్ల సందు ఉంచండి. చైను పొడవు మార్చనవసరం లేదు, ఆ 112 లింకులనే ఉంచండి.

మిట్టదారి (మరో రెండు వారాల తరువాత)

క్రాంక్ వేశాను, కుడి కప్పు సవ్యదిశలోనే ఊడింది. 34/34లో మిట్ట మీద 62 చుట్లు, అదే 8 కిలోమీటర్ల వేగంతో వస్తున్నాయి. ఈ పది రోజుల్లో ఒక్కసారి కూడా మోకాలు గుర్తుకు రాలేదు. అయితే 50 నుంచి 34కు మార్చినప్పుడు రెండుసార్లు చైను లోపలివైపు జారి ఫ్రేము మీద పడింది, ఒకసారి సరిగ్గా మిట్ట మొదట్లోనే. పాత 53/39లో ఇలా ఎప్పుడూ కాలేదు.

లెక్కలపుస్తకం

పాత జతలో చైన్‌రింగ్ మార్చినప్పుడు గేరు 26 శాతం తేలికయ్యేది, ఇప్పుడు 32 శాతం అవుతోంది. చైను దూకే దూరం కూడా 14 పళ్ల నుంచి 16 పళ్లకు పెరిగింది. కాలు ఒక్కసారిగా ఖాళీ తిరిగి చైను వదులైపోతుంది, ఆ క్షణంలోనే అది జారుతోంది. ముందు 34కు దిగుతున్నప్పుడే వెనక చిన్న పళ్లచక్రాల వైపు రెండు అడుగులు, ఉదాహరణకు 23 నుంచి 17కు, వెళ్లండి. ఆ రెండు అడుగులు కలిపి 32 శాతం తేడాను దాదాపు పూడ్చేస్తాయి.

పాతచైను

దానితోపాటు ముందు డిరెయిలర్ లోపలి హద్దు స్క్రూ సరిచూడండి. చైను 34 మీద, వెనక 34 పళ్ల మీద ఉంచి, కేజ్ లోపలి పలకకూ చైనుకూ నడుమ అర మిల్లీమీటరు సందు మాత్రమే మిగిలేలా బిగించండి. అప్పటికీ జారితే, సీటు గొట్టానికి బిగించే చైను కాపు అనే చిన్న ముక్క ఉంటుంది, అది వేయండి. అన్నింటికన్నా ముఖ్యం, మిట్ట మొదలయ్యాక బలంగా నొక్కుతూ చైన్‌రింగ్ మార్చకూడదు.

మిట్టదారి

స్క్రూ పావు చుట్టు బిగిస్తే సందు సరిపోయింది. మిట్టకు ముందు ఒక మలుపు ఉంది. ఇప్పుడు ఆ మలుపులోనే, కాలు తేలికగా తిరుగుతుండగా, ముందు 34కు, వెనక 17కు మారుతున్నాను. ఎదురుగాలి గారు చెప్పినట్లు 30 పళ్ల మీద ఎక్కడం మొదలుపెట్టి, సగం దారి దాకా 34ను మిగుల్చుకుంటున్నాను. వారం రోజులుగా చైను జారలేదు.